ఏ పార్టీ అని అడిగితే

చిత్తూరులో ఒక వకీలు దగ్గర గుమాస్తాగా బతుకంతా గడిపినవాణ్ణి. రెండు పక్షాల మాటా వినందే తీర్పు ఉండదని నమ్మినవాణ్ణి. అందుకే నా ఓటును ఏ పార్టీకీ రాసివ్వలేదు. ఒకసారి ఇటు, ఒకసారి అటు. ఎన్నికలొస్తే రెండు పార్టీలవాళ్లూ మా ఇంటి ముందు ఆగి, మనవాడేనంటూ చేతులు పట్టుకుంటారు. వీధి మలుపు తిరగ్గానే, వీడు అవతలివాళ్ల మనిషి అనుకుంటారు. మా ఆవిడైతే సూటిగా గోడమీద పిల్లి అనేస్తుంది. గోడమీదినుంచి రెండిళ్లూ కనబడతాయి కదా అని నేను మురిసిపోయేవాణ్ణి.

ఆ మురిపెం మా అమ్మాయి పెళ్లి మాటల దగ్గర చిక్కులో పడింది. అబ్బాయిది బంగారుపాళ్యం. మామిడి తోటలున్న కుటుంబం. ఇద్దరూ ఒకేచోట పనిచేస్తూ ఇష్టపడ్డారు. జాతకాలూ కుదిరాయి. మాటలకు మేమే వాళ్లింటికి వెళ్లాం. కాఫీలు తాగాక అబ్బాయి తాత నావైపు తిరిగాడు. పెళ్లి మాటలకు కూడా పార్టీ కండువా వేసుకునే కూర్చున్న మనిషి.

"అంతా బాగుండాది గానీ, మీరు యా పార్టీ అప్పా?"

మా వైపు ఇది జాతకాలు చూశాక అడిగే మాట కాదు, జాతకంలో భాగమే.

"మేము న్యూట్రల్ పెద్దాయనా. పని సూసి ఓటేస్తాము" అన్నాను గొప్పగా.

ఆయన మొహం చిన్నబోయింది. "న్యూట్రల్లో పెట్టిన బండి పల్లం యాడుంటే ఆడికి పోతాది గదప్పా! అవతల పార్టీ అన్నా బాగుండు, వచ్చినప్పుడంతా కొట్లాడుకుందుము. నీతో ఏం మాట్లాడేది?"

అబ్బాయి తల వంచుకున్నాడు. నా నిష్పక్షపాతం మండిపోను, పిల్ల సంబంధం చెడగొట్టేలా ఉందే అనుకున్నాను.

అంతలో మా అమ్మాయి నోరు విప్పింది. "మా నాయన సంగతి వదిలెయ్ తాతా. నేను మీకు అవతల పార్టీనే. పోయిన ఎలక్షన్లో ర్యాలీకి గూడా పోయినాను."

"అట్ల చెప్పు మరి!" అని తాత కుర్చీ ముందుకు లాక్కున్నాడు. మీవాళ్లు ఏం చేసినారని ఆయన, మీవాళ్లు ఏం ఉద్ధరించినారని ఈమె. కాఫీలు మళ్లీ వచ్చాయి. చివరికి, "ముహూర్తం పెట్టండప్పా, ఈ పిల్ల మా ఇంట్లో ఉండాల్సిందే" అన్నాడు.

తిరుగు బస్సులో అమ్మాయిని అడిగాను. "ర్యాలీకి పోయినట్టు నాకెందుకు చెప్పలేదమ్మా? నేనేమన్నా తిడతానా?"

"తిట్టవు నాయనా. ఆ పొద్దు ఎంత సంతోషంగా ఇంటికొచ్చినానో తెల్సునా? నీకు చెప్పింటే రెండు పక్కలా తప్పులు సూపించి తీర్పు చెప్పేసిందువు" అంది నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. ఆ రోజు ఆ పిల్ల సంతోషం నా ఇంట్లోనే దాక్కోవాల్సి వచ్చిందే అని బాధేసింది.

"ఆ ర్యాలీ ఎట్ల జరిగిందో ఇప్పుడు చెప్పు" అన్నాను. చిత్తూరు వచ్చేదాకా చెబుతూనే ఉంది. వాళ్ల నాయకుడి మీద నోటిదాకా వచ్చిన మాటలన్నీ మింగేసి, ఊఁ కొట్టాను.