ఆరు ఓల్టుల పంచాయతీ

రెండో ప్రపంచ లడాయి రోజుల్లో మా శామీర్‌పేట ఇంట్లో రేడియో మూగబోయింది. అది నడిచేది ఆరు ఓల్టుల తడి బ్యాటరీ మీద. చార్జింగు అయిపోయింది. బ్యాటరీయే చెడిందంటే ఇంకొకటి దొరికే కాలం కాదు.

చార్జింగుకు మేడ్చల్ రైసుమిల్లు దాకా పంపాలి. పరదాల ఎడ్లబండి, మా కచ్చురం, కట్టించడానికి మా బావగారికి బద్ధకం. మా ఆయనకు అన్న గనుక తనకు సర్వం తెలుసని ఆయన నమ్మకం. నాలుగు టార్చిలైటు సెల్లులు తెచ్చాడు. రెండు కొత్తవి, రెండు మిద్దె మీద మిరపకాయల పక్కన ఎండబెట్టి బతికించినవి. వాటిని వరసగా కట్టి బ్యాటరీకి తగిలించబోయాడు.

నేను కాలేజీలో సైన్సు చదివినదాన్ని. కానీ బావగారితో నేరుగా మాట్లాడే రివాజు లేదు. నేను తలుపు చాటున, ఆయన అయిదడుగుల అవతల, మధ్యలో మాటలు అందించే అత్తమ్మ.

"అత్తమ్మా, కొత్తవి పాతవి కలపొద్దని చెప్పు. గా సెల్లులు బ్యాటరీని నింపయి. ఉన్నది గూడ అవే గుంజుకుంటయి."

"మంచిగనే ఉన్నదంటాంది కొడుకా," అన్నది అత్తమ్మ.

"నేనెప్పుడన్న?" అన్నాను గుసగుసగా.

"ఇంట్ల లొల్లి ఎందుకు బిడ్డా."

"ఒకటిన్నర నాలుగుసార్లు ఆరు. లెక్క తప్పా, అడుగమ్మా," అన్నాడు బావ.

"లెక్క కరెక్టే. చెంబు పట్టుకొని చెరువు నింపబోతుండని చెప్పు."

"చెరువు నిండుతదట," అన్నది అత్తమ్మ.

తగిలించాడు. కాసేపటికి ఎండబెట్టిన సెల్లులు ఉబ్బి, అట్ట చిరిగి, నల్లటి జిగురు కారింది. బావ వాటిని ఇంకా గట్టిగా నొక్కబోతుంటే తలుపు దాటి వచ్చేశాను.

"బావా, వైరు పీకు ముందు!"

పీకాడు. అత్తమ్మ నోరు తెరిచింది గానీ, అందించడానికి మాటేమీ మిగల్లేదు.

మర్నాడు కచ్చురం కట్టారు. నేనూ ఎక్కాను. ఎవరూ వద్దనలేదు. మిల్లు మిస్త్రీ మా బ్యాటరీని లారీ బ్యాటరీల లైనుకు తగిలించబోతున్నాడు. బావ బండి పరదా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, ఈసారి నన్నే అడిగాడు.

"గా లైను పన్నెండు ఓల్టులట. నడుస్తదా?"

"మనదొక్కటే పెడితే ఉడికిపోతది. గిదే సైజు ఆరుది ఇంకోటి తెచ్చి, ఒకదాని వెనక ఒకటి కట్టుమనుండ్రి. మూతలు తియ్యాలె. బీడీ బయట పారెయ్యమనుండ్రి, గ్యాసు లేస్తది, అంటుకుంటది."

చర్చి పాస్టరుగారి రేడియో బ్యాటరీ అక్కడే వంతు కోసం కూర్చుంది. అచ్చం మాలాంటిదే. బావ వెళ్లి, అంతా తల్లి కడుపులోంచే నేర్చుకొచ్చినట్టు హుకుం జారీ చేశాడు.

"మస్తు సదివినట్టున్నరు దొరా," అన్నాడు మిస్త్రీ బీడీ ఆర్పి.

"ఏదో, గింత," అన్నాడు బావ.

పరదా సందులోంచి చూస్తున్నాను. బ్యాటరీ మూడు గదుల్లోనూ సన్నటి బుడగలు లేచాయి. బతికింది. ఆ కాసేపు నోరు మూసుకోవడానికి నేను పడ్డ కష్టం ఏ బ్యాటరీ పడి ఉండదు.