ఇప్పపువ్వు నానిన నీళ్లు

సోమవారం నాకు నర్సింగ్ చివరి పరీక్ష, అదే రోజు ఖమ్మంలో అమ్మకు డయాలసిస్. ఇంట్లో మేమిద్దరమే. అందుకే హాస్టల్ నేస్తాలూ, ఇప్పుడు మీకు రాయక తప్పడం లేదు.

నిన్న అమ్మ రక్తం డయాలసిస్ యంత్రం గొట్టంలోని సన్నని పొరల మీదుగా శుభ్రమై తిరిగి వస్తుంటే పక్కన కూర్చున్నాను. "గా పొరలకెంచి చెడు ఎట్ల బయటికి పోతదే?" అని అడిగింది.

పినపాక దగ్గరి మా పాత ఇల్లు గుర్తొచ్చింది. ఎండిన ఇప్పపువ్వు నానబోసిన సత్తుగిన్నె మీ ఇళ్లలోనూ ఉండేది కదా? పువ్వులోకి నీళ్లు వెళ్లి ఉబ్బేది, దానిలోని తీపి నీళ్లలోకి వచ్చేది. మనం పువ్వు ఉడికేదాకా ఆగక ఆ నీళ్లే తాగేసేవాళ్లం.

"ఇప్పపువ్వు తీరే అమ్మా. పువ్వుల తీపి నీళ్లలకు వచ్చినట్టే, నెత్తురుల చెడు పొర అవతలి నీళ్లలకు పోతది. ఒంట్ల ప్రతి కణానికీ గసొంటి పొరే ఉంటది. కొన్నిటిని పోనిస్తది, కొన్నిటిని ఆపుతది."

"మరి నేను పువ్వునా, నీళ్లనా?"

"పువ్వువే."

"అవ్, అందుకే కాళ్లు గిట్ల ఉబ్బినయ్!"

ఇద్దరం నవ్వాం. వెంటనే మంచినీళ్లడిగింది. రోజుకు ఇన్నే తాగాలని డాక్టర్ చెప్పిన కొలత అప్పటికే అయిపోయింది. ఇవ్వలేదు. ముఖం గోడవైపు తిప్పుకుంది.

చాలా అలసిపోయాను. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేనే, ఈ పరీక్ష పోగొట్టుకోలేను. సోమవారం ఒక్కపూట, అమ్మ ఎంత బతిమాలినా నీళ్లివ్వకుండా, ఆమెతో మాట్లాడుతూ కూర్చునే మనిషి కావాలి. మీలో ఎవరు రాగలరో శనివారం సాయంత్రంలోపు చెప్పండి.