ఆయుధపూజనాటి మలయాళం ఫ్లాపీ

మొన్న ఆయుధపూజనాడు మా అన్న నా భార్యకు ఫోన్లో మలయాళంలో శుభాకాంక్షలు పంపాడు. ఆయనకు ఆ భాష ఒక్క ముక్క రాదు, అంతా ఫోనే రాసిపెట్టింది. ఆమె మురిసిపోయి నాకు చూపించింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

ఫ్లాపీల కాలంలో అన్నా నేనూ కలిసి తిరుచానూరు రోడ్డులో పెళ్ళిపత్రికలు టైపుచేసే షాపు నడిపేవాళ్ళం, ఉన్నది ఒకటే కంప్యూటరు. కేరళనుంచి తిరుపతికి నర్సుగా వచ్చిన అమ్మాయిని నేను పెళ్ళి చేసుకున్నానని అటు ఆమె నాయన మాటలు మానేస్తే, ఇటు మా అన్న మాటలతోనే పొడిచేవాడు. ఆమె రాసిన ఉత్తరాలన్నీ విప్పకుండానే తిరిగొచ్చేవి. మాకు పాప పుట్టాక, ఊరందరి పత్రికలూ చేసే మనం పాపకు పేరు పెట్టే పత్రిక మలయాళంలో అచ్చువేసి పంపితే ఆయన మనసు కరుగుతుందేమోనని ఆమె ఆశపడింది.

ఆమె తోటి నర్సమ్మ కేరళలోని సొంతూరినుంచి తెచ్చిన ఫ్లాపీలోని మలయాళం ఫాంటు ఎక్కించి, పాపను ఒళ్ళో పెట్టుకుని ఆమె చెబుతూంటే ఏ మీటకు ఏ అక్షరమో కాగితంమీద రాసి తెర పక్కన అంటించుకుని, వంపులూ సున్నలూ ఒక్కొక్కటే అతికించుకుంటూ ఆమె నాయన పేరు పడేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఆమె తెరమీది పేరును వేలితో తడిమి ఏడ్చేసింది. మా అన్న తొంగిచూసి, "ఈ జిలేబీలు మన మిషన్లో యెందుకప్పా?" అన్నాడు. మన తెలుగేదో స్కేలు పెట్టి గీసినట్టు!

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. పనిముట్లన్నీ కడిగి తుడిచి బొట్టు పెట్టడం మన వైపు ఆచారం కదా, అన్న కంప్యూటరునూ శుభ్రం చేశానంటూ ఆ ఫాంటునూ సగమైన మా పత్రికనూ తీసిపారేశాడు. పోనీలే, ఫ్లాపీ ఉందిగదా అని వెతికాను. తన ఫ్లాపీలకు డబ్బా మూతమీదే బొట్టు పెట్టుకున్న ఆ మహానుభావుడు, నాదాన్ని మాత్రం బయటికి తీసి, రేకుతలుపు జరిపి, లోపలి నల్లబిళ్ళకే తడి పసుపు పూసి కుంకుమ పెట్టాడు. ఇక ఆ ఫ్లాపీ పనికిరాకుండా పోయింది.

"సామానుకంతా పూజ సేసినా గదప్పా, దానికీ సేసినా. బొట్టు పెడితే తప్పా?"

బొట్టు పెట్టినందుకు పోట్లాడితే జనం నన్నే తిడతారని ఆయనకు బాగా తెలుసు. తెలియక చేశాడులే అని మా అమ్మ సర్దిచెప్పేది. తెలియనివాడు తన ఫ్లాపీలను డబ్బాలోనే ఎందుకుంచాడు?

నర్సమ్మ మళ్ళీ ఊరెళ్ళేదాకా ఆగే వీల్లేక పత్రిక ఇంగ్లీషులో పంపాం. అదీ విప్పకుండానే తిరిగొచ్చింది. పాపను చూడకుండానే నా భార్య నాయన పోయాడు. నేను వేరే షాపు పెట్టుకున్నాను.

ఇప్పుడు ఏ భాషకూ ఎవరి దయా అక్కర్లేదు. మొన్న ఆమె నా ఫోన్లోనూ మలయాళం పెట్టిచ్చింది, నిమిషం పట్టలేదు. మీ అన్నకు ఒక్క మంచిమాట రాయమంది. నాకు వచ్చిన మలయాళమల్లా ఆమె నాయన పేరొక్కటే. దాన్నే టైపుచేసి అన్నకు పంపాను. ఫోనుచేతనే చదివించుకున్నట్టున్నాడు, కాసేపటికి తెలుగులో జవాబొచ్చింది.

"యెవురప్పా ఈయప్ప?"