చెయ్యి ఆగిన పాటలు

ధనుర్మాసం, రెండో శనివారం, సాయంత్రం. మైలాపూరు, మా ఇంటి ముందుగది. హాజరైనవారు: నేను, నా భార్య, ఆమె తమ్ముడు (గిటారుతో సహా), మా కోడలు (వంటింటికీ ముందుగదికీ మధ్య).

డైరీలో ఏ రోజునైనా నేను ఇలాగే మొదలుపెడతాను. మీటింగుల మినిట్స్ రాసే ఉద్యోగం అయిపోయినా అలవాటు పోలేదు.

నా బావమరిది పాటలు తానే రాసి తానే పాడతాడు. వాళ్ళ నాన్నకు జార్జి టౌన్‌లో కాగితాల టోకు కొట్టు ఉండేది. కొట్లో కూర్చోబెడితే బేరం చూడక, వీధిలో బండ్లు తోసేవాళ్ళు ఎత్తుకునే పాటలు వింటూ కూర్చునేవాడు. ఆ ఊపును గిటారు మీదికి తెచ్చి, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే సొంత పాటలు కట్టాడు. తర్వాత డ్రమ్ములు చేర్చాడు. జానపదం ఇష్టపడేవాళ్ళు డ్రమ్ములెందుకన్నారు. రాక్ ఇష్టపడేవాళ్ళు బండిపాటలెందుకన్నారు. ఒక సభలో సగం హాలు లేచి క్యాంటీనుకు వెళ్ళిపోయింది. క్యాంటీనువాళ్ళు మాత్రం అతన్ని మళ్ళీ పిలవమన్నారట. సినిమావాళ్ళు పిలిస్తే వెళ్ళి, పాటలో ‘ఈడ’ తీసి ‘ఇక్కడ’ పెట్టమన్నందుకు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేశాడు. ఇప్పుడు ఈ ఊళ్ళో గిటారు పట్టిన తెలుగు పిల్లలందరూ అతని పాటలతోనే మొదలుపెడతారు. గడ్డాలున్నవాళ్ళు వచ్చి కాళ్ళకు దండం పెడతారు. అతను కాళ్ళు వెనక్కి లాక్కుంటాడు.

అతని పద్ధతి ఒకటుంది. కొత్త పాటను ముందు వాళ్ళక్క దగ్గర పాడతాడు. ఆ సమయంలో ఆమె పూజకు పూలు కడుతూ ఉండాలి. పాట మధ్యలో ఆమె చెయ్యి ఆగితే పాట నెగ్గినట్టు. ఆగకపోతే ఆ పాట మళ్ళీ ఎవరికీ వినబడదు. ఇలా నలభై ఏళ్ళు గడిచాయి. ఈ సంగతి నాకు తెలుసు, మా కోడలికి తెలుసు, అతని డ్రమ్ములాయనకు తెలుసు. నా భార్యకు తెలియదు. చెబితే పరీక్ష పాడైపోతుందని అతను మమ్మల్ని కట్టడి చేశాడు.

గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఈ వారం దాకా అతను కొత్త పాట కట్టలేదు. ఆదివారం తెల్లవారగానే గుడి మాడవీధిలో కచేరీ ఉంది. అందులో కొత్త పాట పాడతానని మాట ఇచ్చాడు. వచ్చేటప్పుడే గుమ్మంలో నాతో అన్నాడు:

“ఈసారి ఆగకపోతే రేపు పాతవి పాడేసి గిటారు ఎవురికన్నా ఇచ్చేస్తా బావా. ఇంక కట్టేది లేదు.”

“సరే. చెప్పులు ఆడ విప్పు,” అన్నాను.

నా భార్య కనకాంబరాలు ఒళ్ళో పోసుకుని కూర్చుంది. అతను పాడాడు. హార్బరు నుంచి కాగితాల బస్తాలతో బండి తోసుకొచ్చే మనిషి పాట. గొంతు మునుపటంత పైకి లేవలేదు, కిందే గరగరమంటూ తిరిగింది. నాకు బాగానే ఉన్నట్టు తోచింది. మా కోడలు కాఫీ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. నా భార్య చెయ్యి మాత్రం నారలో పువ్వు, పువ్వు పక్కన పువ్వు పెట్టుకుంటూ పోయింది. పాట అయిపోయింది. చెయ్యి ఆగలేదు.

అతను గిటారును సంచిలో పెట్టి జిప్పు లాగాడు. మా కోడలు నా వైపు చూసింది. నేను కాఫీ వైపు చూశాను.

“ఏందిరా, అప్పుడే మూట కట్టినావు?” అంది నా భార్య.

“నీ చెయ్యి ఆగలేదు గదక్కా.”

“ఏ చెయ్యి?”

ఇక దాచి లాభం లేదని అతను మొత్తం చెప్పాడు. ఆమె పూలు కడుతూనే విన్నది.

“ఈ మధ్య ఆపితే వేళ్ళు బిగుసుకుంటాయిరా. మళ్ళా సాగవు. కట్టేదాకా ఆపొద్దని డాక్టరే చెప్పినాడు.”

“మరి అప్పుడు ఆగేది?”

“కొన్నిసార్లు పాట వినే ఆపుంటా. కొన్నిసార్లు నార తెగుంటుంది. ఎవురికి గుర్తు?”

“ఏ పాటకు తెగింది?”

“నార తెగితే ముడి ఏస్తాం గానీ, పాట పేరు అడుగుతామా?”

అతను తన పాత పాటల్ని ఒక్కొక్కటిగా వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మా కోడలికి నవ్వు వచ్చి వంటింట్లోకి వెళ్ళింది. చివరకు, ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగని ప్రశ్న అడిగాడు.

“సరి, అదంతా పోనీ. ఈ పాట ఎట్టుంది?”

“గొంతు బాగుంది. ముందుకంటే ఇదే నమ్మేటట్టుంది. రెండో చరణంలోనే బండి మరీ ఎక్కువసేపు పోతా వుంది. కొట్టుకు పోతా వుందా, తిరుపతికి పోతా వుందా?”

అతను జిప్పు తీశాడు. రెండో చరణంలో నాలుగు లైన్లు పోయాయి. అందులో రెండు నాకు నచ్చినవి. నన్నెవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున మాడవీధిలో మంచు పట్టి ఉంది. జనం ముగ్గులు తొక్కకుండా పక్కపక్కగా సర్దుకుని నిలబడ్డారు. అతను మూడో పాటగా కొత్తది పాడాడు. తెలుగు రానివాళ్ళు కూడా రెండోసారికే పల్లవి అందుకున్నారు. కుర్రవాళ్ళు ఇంకోసారి పాడమన్నారు. పాడాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో వాళ్ళక్కను అడిగాడు.

“ఇప్పుడెట్టుందక్కా?”

“బాగుంది. ఆ బండాయన ఇంటికి పోయినాడా లేదా?”

“పాటలో ఆయన ఇంటికి పోయేది లేదు.”

“ఎందుకు పోడు? పొద్దుట్నుంచి తోస్తానే వుండాడు గదా.”

ఇంటికి రాగానే మా కోడలు పొంగలి వడ్డించింది. అతను తర్వాత తింటానని చెప్పి, ముందుగదిలో కూర్చుని, బండాయన్ను ఇంటికి పంపే చరణం కట్టడం మొదలుపెట్టాడు.