నవల చెప్పని మూడు నెలలు

నా చిన్నప్పుడు ఒడిశాలోని జయపురంలో నేను చదివింది ఒడియా బడిలో. తెలుగు మాత్రం పక్కింటి అక్క నేర్పింది, అదీ నవలలతో. అక్కది పార్వతీపురం. భర్త రైల్వేలో పనిచేసేవాడు. ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ట్రంకుపెట్టెలో చీరలకన్నా నవలలే ఎక్కువ. మధ్యాహ్నాలు మా నాన్న కొట్టు వెనక గదిలో, బియ్యం బస్తాల మీద కూర్చుని ఇద్దరం చదువుకునేవాళ్ళం.

పదమూడేళ్ళ వయసులో ఒక నవలలోని జంట అంటే నాకు ప్రాణం. అతను కాఫీ ఎస్టేటు యజమాని, ఆమె అతని ఆఫీసులో టైపు కొట్టే పేద పిల్ల. అతనికి ముక్కు మీద కోపం. ఒకరోజు అనుమానపడి నలుగురిలో ఆమె చెంప పగలగొడతాడు. ఆమె నోరెత్తదు, ఉద్యోగం మానదు. చివరికి అతనే తప్పు తెలుసుకుని ఆమె ముందు కూలబడి ఏడుస్తాడు. ఆ పేజీ ఎన్నిసార్లు చదివినా నాకు కళ్ళు చెమర్చేవి. ప్రేమంటే అదేననుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం అక్క చేతిసంచితో మా ఇంటికి వచ్చింది. పెదవి చిట్లి ఉంది. అమ్మ సంతకి వెళ్ళింది, ఇంట్లో నేనొక్కదాన్నే.

"నాకు తోడుగా బస్సు కాడికి వస్తావేటమ్మీ? సాలూరు బస్సెక్కీసి మావూరెల్లిపోతాను," అంది.

నాకు భయం వేసింది. దానికన్నా ఎక్కువగా, ఒక మంచి జంట విడిపోతోందన్న బెంగ పట్టుకుంది. "ఎల్లిపోకక్కా. నవల్లో ఆవిడ ఎల్లిపోతే ఆయన మారీవోడా? బావ కూడా మారతాడు," అన్నాను.

అక్క నా ముఖంలోకి చూసింది. తర్వాత సంచి తీసుకుని తన ఇంట్లోకే వెళ్ళిపోయింది. ఆ రోజంతా నాకు గొప్పగా ఉంది.

వారం తిరక్కుండానే అతను కొట్టిన దెబ్బకి అక్క ఎడమ చెవి పోయింది. అమ్మే ఆసుపత్రికి తీసుకువెళ్ళింది. ఇంటికి వచ్చిన నాలుగు రోజులకి అక్క నన్ను పిలిచి, అదే నవల చేతికిచ్చి, ఆ చెంపదెబ్బ పేజీ చదవమంది. "ఇటు కూకో. ఇటేపు సెవి ఇనబడతాది."

చదివాను. చెంప మందారంలా కందింది అని ఉంది.

"తరవాతేటుంది?" అని అడిగింది.

తర్వాత 'మూడు నెలలు గడిచాయి' అని ఉంది.

"సూసేవా? ఆ మూడు నెల్లూ రాయనేదు. ఆ పిల్ల ఏటి తిన్నాదో, ఏ పక్కకి తిరిగి తొంగున్నాదో, ఎవులితో సెప్పుకున్నాదో ఏటీ నేదు. ఆళ్ళు రాయకుండా ఒగ్గేసిందాన్లోనే నాను బతుకుతున్నానమ్మీ."

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. నా మాట విని ఉండిపోయావక్కా అన్నాను. ఆవిడ కొంగుతో నా ముఖం తుడిచింది. "నువ్వు సిన్నపిల్లవి. నాకూ ఆ మాటే ఇనాలనిపించినాది, ఇన్నాను," అంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ నెలలోనే అమ్మ స్వయంగా వెళ్ళి అక్కని పార్వతీపురంలో దింపి వచ్చింది. నాలుగో రోజున అక్క వాళ్ళన్నయ్య ఆవిడని వెంటబెట్టుకొచ్చి భర్తకి అప్పగించి, కాఫీ తాగి వెళ్ళాడు. తర్వాత అతనికి రాయగడ బదిలీ అయింది. అక్కడి నుంచి అక్క ఒక్క ఉత్తరం రాసింది, చదువు మానొద్దని. మరుసటి వర్షాకాలంలో ఆవిడ పోయిందని తెలిసింది. జ్వరం అన్నారు. అమ్మ ఆ మాట నమ్మలేదు, అయినా ఎవరినీ ఏమీ అడగలేకపోయింది.

ఇప్పుడు మా మనవరాలూ దాని స్నేహితురాళ్ళూ ఫోన్లలో నవలలు చదివి, ఏ జంట గొప్పదో వాదించుకుంటారు. చదవొద్దని నేననను. కోపిష్టి కథానాయకుడిని మెచ్చుకున్నప్పుడు మాత్రం, మధ్యలో ఆ అమ్మాయి ఎలా బతికిందో రాశారా అని అడుగుతాను. కొందరు నవ్వేస్తారు. ఒకరిద్దరు ఆలోచనలో పడతారు.

కిందటేడు మా వెనక వాటాలో అద్దెకుండే అమ్మాయి చంటిపిల్లని ఎత్తుకుని మా గుమ్మంలోకి వచ్చింది. ఏమైందని నేనడగలేదు, ఆమె మెడ మీద కమిలిన మచ్చలు చూస్తేనే తెలిసింది. మోకాళ్ళ నొప్పులతోనే విజయనగరం దాకా బస్సులో ఆమె పక్కన కూర్చుని వెళ్ళాను. వాళ్ళమ్మా నాన్నా ఆ పిల్లని మళ్ళీ పంపించబోమని నాతో అనేదాకా వాళ్ళ ఇంట్లోంచి కదల్లేదు. రెండు రోజులు పట్టింది.

ఉండిపో, మారతాడు అన్న మాట ఈ నోట ఒక్కసారే వచ్చింది. దాని బరువు నాతోనే పోతుంది.