పెద్దలకన్నా ముందు తీసిన ముద్ద

మరైగూడలో కొత్తల పండుగ అయ్యేదాకా ఆ యేటి వడ్లను దంచి ఎవరూ వండుకోరు. పండుగనాడు ఇంటి పెద్దామె కొత్త బువ్వ వండి, మొదటి ముద్దను టేకాకులో పెద్దలకు పెడుతుంది. పెద్దలంటే ఆ ఇంట చనిపోయినవారు. ఆ తరవాతే బతికున్నవారికి తన చేత్తో పంచుతుంది. ఆ ముద్ద అందుకున్నవాడు ఆ ఇంటివాడు, అందుకోనివాడు పరాయివాడు. ఇంతకు మించిన రేషన్ కార్డు ఆ ఊరికి తెలియదు.

గొల్లపల్లి నుంచి ఆ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలోనే దేవే జ్వరంతో మంచం పట్టింది. భర్త సతీష్ ఆమెను ప్రార్థన గుడిసెకు మోసుకుపోయాడు. జ్వరం తగ్గింది, ఇద్దరూ బాప్తిస్మం తీసుకున్నారు. ఆ స్వస్థత సాక్ష్యం సంఘంలో ఎన్నో ఆదివారాలు వినిపించింది కానీ, అందులో అత్త భీమే పేరు ఒక్కసారీ రాలేదు. ఆ రోజుల్లో కోడలి తలను ఒళ్ళో పెట్టుకుని, కక్కినప్పుడల్లా తన చీరకొంగుతో తుడిచి, మళ్ళీ జావ తాగించింది ఆ ముసలమ్మే. సంఘ పెద్ద సీతయ్య క్రీస్తు ప్రేమను గురించి బోధించినప్పుడల్లా దేవే మనసులో మెదిలేది ఆ ఒడే.

పెద్దలకు పెట్టగా మిగిలినది విశ్వాసులు ముట్టరాదని సీతయ్య చెప్పాక సతీష్ పండుగ ముద్ద మానేశాడు. దేవే కూడా మానేసింది. భీమే ఉండేది చిన్నకొడుకు సతీష్ దగ్గరే అయినా, పండుగ పొయ్యి మాత్రం పక్కింట్లోని పెద్దకొడుకు నందది. ఏటేటా ఆమె ఆ ఇంట వండి, రెండు ముద్దలు తెచ్చి, సతీష్ ముఖం చూసి, తిరిగి పట్టుకుపోయేది.

నిరుడు ఆమె, ఆ ఇంట ఏ ఆడమనిషీ చేయని పని చేసింది. కుండ దించగానే, పెద్దలకు ఆకు వేయకముందే, రెండు ముద్దలు తీసి పక్కన పెట్టింది. కొడుకు అభ్యంతరం మిగులు మీదనే కదా, ముందే తీస్తే అది మిగులు ఎట్లా అవుతుందని ఆమె ఆలోచన. ఆ పెద్దల్లో ఆమె భర్త కూడా ఉన్నాడు. కొడుకు తినాలని ఆమె మొగుణ్ణి రెండో వరుసకు జరిపింది. ఇంతకన్నా పెద్ద త్యాగాన్ని బోధించిన ప్రసంగం ఆ గుడిసెలో ఎవరూ విని ఉండరు.

ఆకు పట్టుకుని వచ్చి, "పెద్దలకు పెట్టకముందే తీసిన, బిడ్డా. ఇది వాళ్ళ ఎంగిలి కాదు," అన్నది.

కుండ ఒక్కటే, పొయ్యి ఒక్కటే కదా అన్నాడు సతీష్. కూర్చున్న చోటునుంచి లేవలేదు. సంఘంలో అందరి కాళ్ళూ కడిగి వినయవంతుడని పేరు తెచ్చుకున్నవాడు, కన్నతల్లి చాచిన చేతికి తన చేయి అందించలేకపోయాడు.

ముసలమ్మ కోడలి వైపు తిరిగి, "నువ్వట్ల చూస్తవేంది? ఉప్పు తక్కువైంది గానీ దయ్యమేం పట్టలే," అన్నది.

దేవే నవ్వింది. నవ్వుతూనే అందుకుని తిన్నది. అత్త ఈసారైనా ముద్ద తిరిగి పట్టుకుపోకుండా వట్టి చేతులతో పోవాలని, భర్త వంతు ముద్ద కూడా తానే తిన్నది.

దాని ఫలితం రెండు ఇళ్ళనుంచీ వచ్చింది. ముద్ద ముందే తీసిన సంగతి తెలిసి నంద వాకిట్లోనే తల్లిని నిలదీశాడు. "చచ్చిన అయ్యకన్నా నీకు పాటలు పాడేటోళ్ళు ఎక్కువైన్రా?" అని అడిగి, ఇకమీద తన ఇంట కుండ ముట్టవద్దన్నాడు. ఇక సతీష్ తానే పోయి సీతయ్యకు భార్య సంగతి చెప్పి వచ్చాడు. తప్పు ఒప్పుకునేదాకా దేవేకు ప్రభువు బల్ల దగ్గర పంచే రొట్టె, రసం లేవని సంఘం తీర్మానించింది. ఆ తీర్మానంలో విగ్రహార్పితం అన్న మాట ఉంది. ముసలమ్మ ముందుగా తీసిన సంగతి లేదు. అసలు ఆమెను అడిగినవారే లేరు.

ఒక్క మాట అనేస్తే అయిపోతుంది కదా అని సతీష్ ఇంట్లో బతిమాలాడు, ఆ పైన విసుక్కున్నాడు. దేవే ఒప్పుకోలేదు. అత్త పెట్టిన బువ్వ తినడం పాపమని దేవుని ముందు చెబితే, అదే అసలైన అబద్ధమవుతుందన్నది.

ఈ యేడు కొత్తల పండుగకు నంద ఇంట అతని భార్య పంచింది. భీమేను ఎవరూ పిలవలేదు. పక్క వాకిట్లో అందరూ తింటున్న చప్పుడు వింటూ, ఆమె సతీష్ ఇంటి అరుగు మీద గోడవైపు తిరిగి పడుకుంది.

మరుసటి ఆదివారం సతీష్ సాక్ష్యమిచ్చాడు. తన స్థిరత్వం చూసి తల్లి పాత ఆచారాన్ని విడిచిపెట్టిందనీ, పండుగ పొయ్యి దగ్గరికే పోలేదనీ చెప్పాడు. సంఘం చప్పట్లు కొట్టింది. సీతయ్య సంతోషంగా వెనక వరుసలో కూర్చున్న దేవేవైపు చూశాడు. ముసలమ్మే మారింది, ఇక నువ్వు ఒక్క మాట అంటే కుటుంబమంతా ఒకటవుతుందన్నాడు.

దేవే లేచి నిలబడింది.

"మా అత్త దేన్నీ విడిచిపెట్టలేదయ్యగారూ. మీ కోసమని ఆమె పెద్దలను పక్కన పెట్టింది. నువ్వు మాకొద్దని మీరూ అన్నరు, మా బావ ఇంటోళ్ళూ అన్నరు."

సతీష్ తల దించుకున్నాడు, సిగ్గుపడ్డది భార్య మాటకే. పాట మొదలైంది. రొట్టె పళ్ళెం ఒక్కొక్క వరుసా దాటి వచ్చి, వెనక వరుసలో దేవే పక్కన కూర్చున్నామె దగ్గర ఆగి, అటునుంచి అటే తిరిగిపోయింది.