రెండు పొరలు చాలన్న ఉస్తాద్

ఉస్తాద్ పోయారన్న ఫోన్ గజ్వేల్ బస్టాండులో వచ్చింది. ఆ రోజు తెలంగాణ బంద్. హైదరాబాద్ నుంచి నేను ఎక్కిన బస్సును అక్కడే ఆపేశారు. తెలంగాణ కావాలని నేనూ గొంతు చించుకున్నవాణ్ణే. ఆ పూట మాత్రం అందరి మీదా మండిపోయాను. ఎవరి బండో ఎక్కి సిద్దిపేట చేరేసరికి ఖబరస్తాన్‌లో మట్టి ఇచ్చేశారు.

మీకు ఆయన తెలియకపోవచ్చు. మోటారు స్టార్టర్లు బాగుచేసే చిన్న దుకాణం ఆయనది. నెట్ సెంటర్లో కూర్చుని సర్క్యూట్ బోర్డుల డిజైన్ సొంతంగా నేర్చుకున్న నాకు, తప్పును తప్పని చెప్పిన మనిషి ఆయనొక్కరే. చాయ్ సాసర్లో పోసుకుని, ఊదుకుంటూ నా గీతలు చూసేవారు.

మా గొడవంతా పొరల గురించే. కరెంటు రాగానే బోరు మోటారును తనంతట తానే నడిపే పెట్టె ఒకటి చేస్తున్నాను. కరెంటు వచ్చినప్పుడల్లా పొలానికి ఉరకలేక, ఉస్తాద్ పాత గిరాకి, కుకునూరుపల్లి రైతు ఒకాయన దానికోసం ఎదురుచూస్తున్నాడు. వరి ఎండుతోంది. బోర్డు మీద రాగి గీతలు ఒకదాన్నొకటి దాటాల్సి వస్తే ఇంకో రాగి పొర కావాలి. నేను ఏకంగా నాలుగు పెట్టాను.

“ముందు ఒక్క పొర మీద గీయి బేటా. ఎన్ని జాగల అడ్డం పడుతున్నయో చూడు. గప్పుడు ఇంకోటి అడుగు. నాకైతే రెండు చాలనిపిస్తుంది.”

వినలేదు. ఆ బోర్డు వారంలో చచ్చింది, లోపలి పొరలో. ఉస్తాద్ దాన్ని ఎండకు ఎత్తి చూశారు. వెలుతురు దూరలేదు.

“లోపల ఏమైందో ఊర్ల మెకానిక్ ఎట్ల చూస్తడు? గిది బోర్డా, బీరువానా? తాళంచెవి నువ్వే మింగినవ్!”

“మీరు పాతకాలంకాడనే ఆగిపోయిన్రు ఉస్తాద్. దునియా ముందుకు పోయింది.”

“పోనీ. రైతు మడికి నీళ్లు పోయినయా?”

లేచి వచ్చేశాను. పదిహేను రోజులు అటు పోలేదు.

ఆయనదే తప్పని చూపించాలన్న పంతంతో, ఆయన చెప్పినట్టే గీశాను. రెండు పొరలు సరిపోయాయి. ఒప్పుకుందామనే, హైదరాబాద్‌లో చేయించిన ఆ బోర్డులు సంచిలో వేసుకుని బంద్ నాడు బస్సెక్కాను. ఒక్క పూట ఆగలేదు మనిషి. నాకు ఇంకా కోపమే. ఆయన మీద కాదేమో, ఆ పదిహేను రోజుల మీద.

మూడో రోజు కుకునూరుపల్లి పోయి పెట్టె బిగించాను. మధ్యాహ్నం కరెంటు వచ్చింది. అలవాటు కొద్దీ రైతు బోరు వైపు ఉరికాడు. సగం దారిలో ఉండగానే మోటారు అందుకుంది.

“నడిచింది తమ్మీ! మీ ఉస్తాద్‌కు చెప్పు, ఇగ నాకు ఉరుకుడు లేదని.”

చెబుతానన్నాను. ఉస్తాద్ పోయిన కబురు రైతుకింకా చేరలేదు. ఎండిన కాలువలో నీళ్లు గడ్డిపరకల్ని తోసుకుంటూ మడి వైపు పోతున్నాయి. రైతు చెప్పులు చేత పట్టుకుని, వాటి వెంట మెల్లగా నడుస్తున్నాడు.